పదిహేడో నంబరు సుడి

సముద్రంలో నీరు ఎవరి అనుమతీ లేకుండా గుండ్రంగా తిరుగుతోందన్న సంగతి ఒక శుక్రవారం మధ్యాహ్నం, భోజనాల తర్వాత, ప్రభుత్వం దృష్టికి వచ్చింది.

నగరంలో ఏదో సదస్సు. సౌదామిని అనే యువ శాస్త్రవేత్త తెరమీద బంగాళాఖాతం బొమ్మ చూపించింది. నీలం, ఎరుపు రంగుల్లో పెద్ద పెద్ద చుట్టలు, పొయ్యిమీద పాలు కలియబెట్టినట్టు ఉన్నాయట.

"ఇవి బోట్లను ముంచే సుడిగుండాలు కావు. ఒక్కోటి యాభై అరవై మైళ్ళ వెడల్పు ఉంటుంది. లోపల ఉన్నవాడికి తిరుగుతున్నట్టు కూడా తెలియదు. మనం చూడాల్సింది వీటి అంచులను. చల్లనీరూ వెచ్చనీరూ ఒరుసుకునే చోట సన్నటి చారలు పుడతాయి. మైలు వెడల్పు కూడా ఉండవు. ఇవాళ పుట్టి ఎల్లుండికి పోతాయి. కానీ లోతుల్లోని సారం పైకి వచ్చేది అక్కడే, చేప చేరేది అక్కడే. ఈ చిన్న చిన్న కదలికలను ఇంతవరకు ఎవరూ పట్టించుకోలేదు" అంది సౌదామిని.

ముందు వరుసలో కళ్ళు మూసుకుని వింటున్న పెద్ద అధికారి ఒకాయన ఆ ఆఖరి వాక్యానికి కళ్ళు తెరిచారు. ఎవరూ పట్టించుకోలేదు అన్న మాట ప్రభుత్వం భరించలేనిది. నెల తిరగకముందే మా పూడిరేవులో, వాడకం లేని ఉప్పు గోదాము మేడమీద, 'సముద్ర సుడుల క్రమబద్ధీకరణ కార్యాలయం' వెలిసింది. బోర్డు మాత్రం కొంచెం వంకరగా కుదిరింది.

దానికి నన్ను, అంటే ఈ సన్యాసిరావును, సూపరింటెండెంటుగా వేశారు. అర్హత ఏమిటంటే, కాలేజీలో భౌతికశాస్త్రం చదివాను. ఆ తర్వాత ఇరవై తొమ్మిదేళ్ళు టపా చదివాను. నా భార్య విశాలాక్షి పోయి నాలుగేళ్ళయింది గనక ఏ ఊరు వేసినా పేచీ పెట్టనని కూడా పైవాళ్ళు అనుకుని ఉంటారు. నిజంగానే పెట్టలేదు. నా బల్ల పక్కన కిటికీ ఉంది, కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది. ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసులో కిటికీ దక్కడం అదే మొదలు.

మా స్పెషల్ ఆఫీసరు త్రివిక్రమరావు గారు కాలవల శాఖ నుంచి వచ్చారు. చెడ్డ మనిషి కాదు. ఎవరికైనా జ్వరమంటే ఇంటికి కమలాపళ్ళు పంపేవారు, వెనకాలే సెలవు చీటీ నమూనా కూడా పంపేవారు. మొదటి సమావేశంలోనే ఆయన తేల్చి చెప్పారు.

"ప్రభుత్వానికి ఒక వస్తువు ఉందంటే దానికి నంబరుండాలి, హద్దులుండాలి, శాశ్వత చిరునామా ఉండాలి. ఈ మూడూ లేనిదాన్ని అభివృద్ధి చెయ్యడం అసాధ్యం."

హద్దులు వెయ్యడానికి రెవెన్యూ నుంచి గవర్రాజు అనే సర్వేయరును తెచ్చుకున్నారు. జీవితమంతా మెట్ట భూములు కొలిచిన మనిషి. గొలుసుతో సహా లాంచీ ఎక్కాడు. మూడు రోజుల తర్వాత దిగాడు, రంగు మారి. గొలుసు సముద్రానికి ఇచ్చి వచ్చాడు గానీ హద్దులు మాత్రం పొల్లు పోకుండా రాసుకొచ్చాడు. పదిహేడో నంబరు సుడికి అతను రాసిన హద్దులు ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు. తూర్పు: నీరు. దక్షిణం: నీరు. పడమర: నీరు. ఉత్తరం: నీరు.

త్రివిక్రమరావు గారు చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"గవర్రాజూ, నా సర్వీసులో నాలుగు వైపులా తగువులేని ఆస్తిని ఇదే చూడ్డం" అన్నారు. వెంటనే ఆమోదించారు.

సౌదామినిని మా ఆఫీసుకు ఆరు నెలల ఒప్పందం మీద సలహాదారుగా పంపారు. రిజిస్టరు ముద్ర పడిన వారానికి ఆ పిల్ల ఉపగ్రహం బొమ్మలు పట్టుకుని త్రివిక్రమరావు గారి గదిలోకి వెళ్ళింది. నేను ఫైలుతో అక్కడే ఉన్నాను.

"సార్, పదిహేడు కదిలింది. వారానికి మూడు నాలుగు మైళ్ళు ఈశాన్యం వైపు పోతోంది."

"ఎవరి అనుమతితో?"

"సార్, అది నీరు."

"అమ్మా, నేను కాలవల శాఖలో పండినవాణ్ణి. నీరు కదలడం నాకు కొత్త కాదు. కాలవలో నీరు పోతుంది, కాలవ పోతుందా? ఇదీ అంతే. నీటిని పోనివ్వండి. సుడి మాత్రం రిజిస్టరులో ఉన్నచోటే ఉంటుంది."

ఆ మాటలో ఎంత బలముందంటే, భౌతికశాస్త్రం చదివిన నేను కూడా అర నిమిషం నమ్మాను.

ఇక ఆ సన్నటి చారల సంగతి. ఈ కార్యాలయం పుట్టిందే వాటి కోసం కనుక వాటిని వదిలేస్తే బాగుండదు. నియమం చేశారు. సుడి అంచున చార పుట్టినట్టు కనబడితే దాని తరఫున సలహాదారు దరఖాస్తు పెట్టాలి, నోటీసు బోర్డు మీద ప్రకటన అంటించాలి, అభ్యంతరాలకు ఇరవై ఒక్క రోజులు గడువు, ఆ తర్వాత గుర్తింపు పత్రం. ఏ చారా మూడు రోజులకు మించి బతకలేదు. అందుకని 'దరఖాస్తు పరిశీలనలో ఉండగా అంతరించినవి' అని వేరే రిజిస్టరు తెరిచాం. ఆగస్టు నాటికి అందులో నూట నలభై ఒకటి చేరాయి. సమీక్షా సమావేశంలో త్రివిక్రమరావు గారు ఆ రిజిస్టరు ఎత్తి చూపించారు.

"నూట నలభై ఒక్క కేసులు. ఒక్క అభ్యంతరం రాలేదు! ప్రజలు మన మీద ఉంచిన విశ్వాసానికి ఇది నిదర్శనం."

అందరం చప్పట్లు కొట్టాం. సౌదామిని కూడా కొట్టింది, ఒక చేత్తో.

ఆ తర్వాత బోట్లకు పాసులొచ్చాయి. చేపలు సుడుల అంచుల్లో ఉంటాయి, సుడులు మావి, కాబట్టి వేటకు వెళ్ళేవాడు ఏ సుడికి వెళుతున్నాడో నంబరు చెప్పి పాసు తీసుకోవాలి. మొదటిరోజు కింద మెట్ల పక్కన తెరిచిన పాసుల కిటికీ దగ్గరికి వచ్చినవాడు మైలపల్లి మసేను. మా మెట్ల కింద నీడపట్టున ఎండుచేపల గంప పెట్టుకుని కూర్చునే నూకాలమ్మ కొడుకు. బోటుకు తండేలు, అంటే దాన్ని నడిపించే పెద్ద. ముప్పై ఏళ్ళుంటాయి.

"ఏ సుడి?" అన్నాడు గవర్రాజు.

"ఏ సుడేటి బావూ? సేప ఎక్కడుంటే అక్కడికి."

"నంబరు కావాలి."

"సేపకి తెలుసా ఆ నంబరు?"

"చేపకి తెలియక్కర్లేదు. చేప దగ్గరికి వెళ్ళేవాడికి తెలియాలి."

మసేను వెనక్కి తిరిగి తల్లిని అడిగాడు. "అమ్మా, ఏ నంబరు సెప్పమంతావే?"

"నువ్వు సదివిందంతే కదరా, పదిహేడు సెప్పు" అంది ఆవిడ గంపలోంచి తల ఎత్తకుండా. రేవంతా నవ్వింది. వాడు బడికి పోయింది పదిహేడు రోజులేనట.

అలా మసేను పాసు మీద పదిహేడు పడింది. వాడు పోయేది మాత్రం ఎప్పటిలాగే నీటిమీద నురుగు చార కనబడిన చోటికి. తమాషా ఏమిటంటే ఆ నురుగు చార నిజంగానే పదిహేడు అంచుది. సుడి రిజిస్టరును వదిలి ఈశాన్యానికి పోతోంది, చేపలు సుడి వెంట పోతున్నాయి, మసేను చేపల వెంట పోతున్నాడు. పాసు ఒక్కటే ఉన్నచోట ఉంది.

ఇంకో మార్పు కూడా జరిగింది. అప్పుడు దాన్ని నేను పట్టించుకోలేదు, ఆ తప్పులో నాకూ వాటా ఉంది. పూర్వం బోట్లవాళ్ళు రేడియోలో తామెక్కడున్నదీ డిగ్రీల్లో చెప్పేవాళ్ళు. డిగ్రీలు గంటగంటకూ మారుతున్నాయనీ, రిజిస్టరులో కొట్టివేతలు ఎక్కువవుతున్నాయనీ, ఇకనుంచి సుడి నంబరు మాత్రమే నమోదు చెయ్యాలనీ ఉత్తర్వు వచ్చింది. దాన్ని శుభ్రంగా ప్రతి తీసి అంటించింది నేనే.

ఒక మంగళవారం పొద్దున్న ఎనిమిదింటికి మసేను బోటు నుంచి రేడియోలో మాట వినిపించింది. మా ఆపరేటరు మాట పొల్లు పోకుండా రాసేవాడు. ఆ పేజీ ఇలా ఉంది.

బోటు: ఇంజను పోనాది. గేరుబాక్సు ముక్కలైపోనాది. ముగ్గురం ఉన్నాం. నీళ్ళు రెండు డబ్బాలున్నాయి. రాసుకో బావూ, పద్దెనిమిది డిగ్రీల...

కార్యాలయం: సుడి నంబరు చెప్పాలి.

బోటు: బ్యాటరీ అయిపోతంది బావూ, ముందు రాసుకో. పద్దెనిమిది డిగ్రీల...

కార్యాలయం: డిగ్రీలు వద్దు. సుడి నంబరు.

బోటు: పదిహేడు! పదిహేడు అంచున, నురుగుసార కాడ!

కార్యాలయం: వివరాలు నమోదయ్యాయి. ధన్యవాదాలు.

ఆ తర్వాత బోటు నుంచి ఇంకేమీ లేదు.

గాలింపు బాధ్యత కూడా కొత్త ఉత్తర్వుల ప్రకారం మా కార్యాలయానిదే. మా లాంచీ గంటలో బయల్దేరింది. ఆ విషయంలో ఎవరినీ తప్పుపట్టలేం. తిన్నగా పదిహేడో నంబరు సుడి శాశ్వత చిరునామాకు వెళ్ళింది. సాయంత్రానికి కెప్టెన్ నివేదిక వచ్చింది. "నిర్దేశిత స్థలంలో బోటు లేదు. నిర్దేశిత స్థలంలో సుడి కూడా లేదు. సముద్రం ప్రశాంతంగా ఉంది." త్రివిక్రమరావు గారు రెండో వాక్యం చుట్టూ ఎర్రసిరాతో గీత గీసి, 'అసంబద్ధం' అని రాశారు.

బుధవారం లాంచీ మళ్ళీ అక్కడికే వెళ్ళి మళ్ళీ ప్రశాంతంగా ఉందని చెప్పింది. రేవులోని మిగతా బోట్లవాళ్ళు మేం వెతుకుతామని వచ్చారు. పదిహేడో నంబరు సుడిలో గాలింపు సాగుతున్నందున, గాలింపునకు అంతరాయం కలగకుండా, ఇతర బోట్లను ఆపాలని నియమం. రేవు ముఖానికి ఇనుప గొలుసు వేశారు. ఆ గొలుసు గవర్రాజు పోగొట్టిన దానికి బదులుగా వచ్చింది.

నూకాలమ్మ ఆ రెండు రోజులూ గంప తేలేదు. ఉత్తచేతులతో మెట్లమీద కూర్చుంది. మా అటెండరు సూరమ్మ ప్రతి గంటకూ టీ తెచ్చి ఆవిడ పక్కన పెట్టేది, చల్లారితే తీసుకుపోయేది, మళ్ళీ వేడిది తెచ్చేది. మా కార్యాలయంలో ఆ రెండు రోజుల్లో జరిగిన ఉపయోగకరమైన పని అదొక్కటే.

గురువారం పొద్దున్న ఆవిడ మెట్లెక్కి తిన్నగా త్రివిక్రమరావు గారి గదిలోకి వచ్చింది. సౌదామినీ నేనూ అక్కడే ఉన్నాం.

"బావూ, నీళ్ళు రెండు డబ్బాలే ఉన్నాయన్నాడు నా కొడుకు. ముగ్గురు మనుషులు. ఇయాల్టికి మూడో రోజు. లాంచీ ఎక్కడ ఎతుకుతోంది?"

"మీ అబ్బాయి చెప్పిన చోటేనమ్మా. పదిహేడులో."

"పదిహేడు అక్కడ లేదంట కదా. ఈ పాప సెప్పింది."

"రికార్డులో అక్కడే ఉంది."

"రికార్డులో నా కొడుకు లేడు బావూ. నీటిలో ఉన్నాడు."

సౌదామిని బల్లమీద ఆ పొద్దుటి బొమ్మ పరిచింది. పదిహేడు దాని చిరునామాకు ఈశాన్యంగా అరవై మైళ్ళ దూరంలో ఉంది.

"సార్, సుడి తన నీటిని తనతోనే మోసుకుపోతుంది. ఇంజను లేని బోటు కూడా ఆ నీటితోనే పోతుంది. పైగా అంచున ఒక పక్క నీరు పైకి వచ్చినా, సరిగ్గా చార మీద మాత్రం రెండు వైపుల నీరూ కలుసుకుని కిందికి దిగుతుంది. తేలేవి కిందికి దిగలేవు కదా, అక్కడే వరసగా పోగుపడతాయి. నురుగు, నాచు, కర్రముక్కలు, బోటు, ఏదైనా. ఇదిగో ఈ గీత వెంబడి వెళ్ళమనండి సార్, చాలు."

"అదే కదా నానంతన్నది" అంది నూకాలమ్మ. "నా మొగుడున్నప్పుడు వల తెగిపోతే నురుగుసారలోనే దొరికేది. మా మావ సేతికర్ర కూడా ఓసారి అక్కడే దొరికింది."

త్రివిక్రమరావు గారు లేచి తన కుర్చీలో ఆవిడను కూర్చోబెట్టారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, నేను చూశాను.

"నాకు మాత్రం బాధ లేదా తల్లీ! కానీ రేపు పైనుంచి ఒకటే ప్రశ్న వస్తుంది. పదిహేడులో తప్పిపోయిన మనిషిని పదిహేడు బయట ఎందుకు వెతికావని. ముందు సుడిని ఫైలులో అక్కడికి జరపాలి. బదిలీ ప్రతిపాదన, మళ్ళీ సర్వే, హద్దులు, అభ్యంతరాలకు ఇరవై ఒక్క రోజులు. ఎంత తొందరపెట్టినా నెలన్నర. సన్యాసిరావు గారూ, ఫైలు ఇవాళే పెట్టండి. దానిమీద 'అతి అవసరం' అని చీటీ కట్టండి."

నేను బయటికొచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాను. సముద్రం మామూలుగానే ఉంది. నా కళ్ళజోడు ఎప్పుడు పోయినా విశాలాక్షి ఒక మాట అనేది. "పెట్టినచోట కాదండీ వెతకాల్సింది, ఉన్నచోట." ఆవిడ పోయాక చాలా రోజులు నేను అన్నీ పెట్టినచోటే వెతికాను.

మరో అరగంటకు నోటు రాసి త్రివిక్రమరావు గారి ముందు పెట్టాను.

"తమరి పరిశీలనకు సమర్పించడమైనది. సుడి నం. 17 రిజిస్టరులో నమోదైన ప్రభుత్వ ఆస్తి. లాంచీ కెప్టెన్ నివేదికలోని రెండవ వాక్యం ప్రకారం సదరు ఆస్తి తన స్థలంలో లేదు. సదరు స్థలానికి పాసు పొందిన మైలపల్లి మసేను బోటు కూడా అదే సమయం నుండి కానరావడం లేదు. రెండింటినీ కలిపి చూడగా, సదరు బోటు సదరు సుడిని తరలించుకుపోయి ఉండవచ్చునన్న అనుమానానికి తావున్నది. ప్రభుత్వ ఆస్తి కనబడనప్పుడు, ముందస్తు అనుమతితో నిమిత్తం లేకుండా, ఎక్కడ ఉన్నదని సమాచారం అందితే అక్కడికి తక్షణం వెళ్ళి స్వాధీనపరచుకొనవలెను. తప్పిన పక్షంలో ఆస్తి సంరక్షకులు స్వయంగా బాధ్యులు. రిజిస్టరు మొదటి పేజీ ప్రకారం సంరక్షకులు తమరే."

ఆయన ఆఖరి వాక్యం రెండుసార్లు చదివారు. చెవులు ఎర్రబడ్డాయి.

"సుడిని ఎత్తుకుపోయారా?"

"అనుమానం సార్."

"ఎంత దూరం?"

"అరవై మైళ్ళు. ఈశాన్యంగా."

"ఇంతసేపు ఏం చేస్తున్నారయ్యా మీరంతా!"

పదకొండు నిమిషాల్లో లాంచీ కదిలింది. సౌదామిని గీత గీసిన కాగితం కెప్టెన్ చేతిలో ఉంది. ఈసారి ఆయనకు అందిన ఆదేశం 'గాలించండి' కాదు, 'వెంటాడండి'. నేను చూసినంతలో మా లాంచీ అంత వేగంగా పోవడం అదే మొదటిసారి.

సాయంత్రం నాలుగున్నరకు రేడియో మోగింది. ఆ చార వెంబడి పోతుంటే ముందు నాచు కనిపించిందట, తర్వాత చెప్పులు, ఒక ప్లాస్టిక్ కుర్చీ, కొబ్బరికాయలు, వాటి వరసలోనే మసేను బోటు. నీళ్ళు ఆ పొద్దుటికే అయిపోయాయి. ముగ్గురూ ప్రాణాలతో ఉన్నారు. కెప్టెన్ నివేదికలో మాత్రం ఇలా ఉంది. "సుడి దొరికినది. తీసుకువచ్చుటకు వీలుపడలేదు. బోటును, అందులోని ముగ్గురు వ్యక్తులను స్వాధీనం చేసుకున్నాము."

అర్ధరాత్రి వేళకు లాంచీ రేవుకు చేరింది. పెదాలు పగిలి, నిలబడలేక, ఇద్దరి భుజాల మీద చేతులేసుకుని దిగాడు మసేను. నూకాలమ్మ ఎదురెళ్ళి ముందు వీపుమీద ఒక్కటి చరిచింది.

"ఎదవా, సుడిని ఎత్తుకెల్లినావంట గదరా! ఎక్కడ దాసినావు?"

అని వాణ్ణి పట్టుకుని ఏడ్చింది. మసేను తడారిన గొంతుతో నా వైపు చూసి అన్నాడు.

"నానెత్తుకెల్లలేదు బావూ. అదే నన్నెత్తుకెల్లింది."

"అది వేరే కేసు" అన్నాడు గవర్రాజు, పంచనామా రాస్తూ.

కథ ఇక్కడ అయిపోతే నాకు నిద్ర పట్టేది. కానీ నేను రాసిన నోటుకు కాళ్ళొచ్చాయి. మర్నాడు మసేను బోటును రేవులో గొలుసుతో కట్టేశారు. వాడికి మెమో వెళ్ళింది. ప్రభుత్వానికి చెందిన సుడిని అరవై మైళ్ళు ఎందుకు తరలించావో వారంలోగా సంజాయిషీ ఇవ్వాలి, ఆస్తిని తిరిగి అప్పగించేవరకు బోటు విడుదల కాదు. ఆ బోటుమీద మూడు ఇళ్ళు బతుకుతాయి. మనిషిని బయటికి తేవడానికి నేనాడిన అబద్ధం వాడి బోటును లోపల పెట్టింది. వెళ్ళి త్రివిక్రమరావు గారితో ఆ అనుమానం తప్పని చెప్పాను.

"తప్పైతే లాంచీని అంత దూరం ఎందుకు పంపినట్టు? అప్పుడు సంజాయిషీ ఇవ్వాల్సింది మనం" అన్నారాయన. న్యాయంగానే మాట్లాడారు.

మెట్ల దగ్గర నూకాలమ్మతో నిజం చెప్పేశాను. ఆ రాత నాదేనని, తెలిసే రాశానని. ఆవిడ చేప మీది ఉప్పు దులుపుతూ వింది.

"నువ్వు రాయకపోతే నాకు కొడుకు లేడు కదా. బోటుదేటి, కర్ర. మీవోళ్ళకి సుడి కావాలి, అంతేనా?"

"అంతే."

"మరి ముందే సెప్పొచ్చు కదా బావూ."

సోమవారం పదింటికి, అందరూ సీట్లలో ఉండగా, నూకాలమ్మ నెత్తిమీద పెద్ద సిల్వరు డేగిసాతో మెట్లెక్కింది. వెనకే మసేను, ఇంకో ఇద్దరు. డేగిసా నిండా సముద్రపు నీరు. దాన్ని గవర్రాజు బల్లమీద దించి, మోచేతిదాకా చెయ్యి ముంచి నాలుగు తిప్పులు తిప్పింది. నీరు గిర్రున తిరిగింది.

"ఇదిగో మీ సుడి. సూసుకోండి. మావోడు తప్పొప్పుకున్నాడు. రసీదు రాయండి."

గవర్రాజు నా వైపు చూశాడు. నేను రిజిస్టరు వైపు చూశాను.

"తిరిగే దిశ?" అన్నాను.

గవర్రాజు వంగి చూసి, "గడియారానికి ఎదురు. సరిపోయింది" అన్నాడు.

"విస్తీర్ణం?"

"బాగా తక్కువుంది సార్."

"రవాణాలో తరుగు అని రాయండి. నీటి సరుకుకి తరుగు మామూలే."

గవర్రాజు రాశాడు. రాసి, హఠాత్తుగా కలం ఆపాడు. మనిషిలో నిజాయితీ ఉంది, దాన్ని కాదనలేం.

"హద్దులు కుదరడం లేదు సార్. నాలుగు వైపులా నీరు ఉండాలి. ఇక్కడ నాలుగు వైపులా సిల్వరు ఉంది."

మసేను తల వంచుకున్నాడు. అప్పుడు సూరమ్మ, చీపురు గోడకానించి లోపలికి వెళ్ళి, గోదాము నాటి పెద్ద ఇత్తడి గంగాళం దొర్లించుకుంటూ వచ్చింది. దాన్ని నడి గదిలో పెట్టి, పంపు నుంచి నాలుగు బిందెల నీళ్ళు తెచ్చి పోసింది. అందరం కలిసి డేగిసా ఎత్తి గంగాళం మధ్యలో దించాం. గవర్రాజు చుట్టూ తిరిగి చూశాడు. తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం. నాలుగు పక్కలా నీరే. చేతిరుమాలుతో నుదురు తుడుచుకుని సంతకం పెట్టాడు.

త్రివిక్రమరావు గారు గది గుమ్మంలో నిలబడి ఎంతసేపటినుంచి చూస్తున్నారో తెలియదు. వచ్చి గంగాళం మీదికి వంగారు. నీటి వేగం అప్పటికే తగ్గుతోంది.

"ఎంతసేపు తిరుగుతుంది?"

"ఎవరైనా తిప్పినంతసేపు సార్."

"తనిఖీకి వస్తే?"

"నేను చూసుకుంటాను సార్."

ఆయన నా ముఖంలోకి ఒక క్షణం చూశారు. జేబులోంచి ఎర్రసిరా కలం తీసి, మళ్ళీ జేబులో పెట్టేసి, నీలం కలంతో 'స్వాధీనమైనది' అని రాసి సంతకం చేశారు. మధ్యాహ్నానికి బోటు గొలుసు ఊడింది.

సంవత్సరం కావస్తోంది. ఒప్పందం అయిపోయి సౌదామిని వెళ్ళిపోయింది, వెళుతూ ఉపగ్రహం బొమ్మలు ఎలా చదవాలో సూరమ్మకూ నాకూ నేర్పి వెళ్ళింది. పదిహేడు మా ఆఫీసులోనే ఉంది. పొద్దున్న రాగానే నా మొదటి పని దాన్ని తిప్పడం. అందుకు మా ఇంటి నుంచి విశాలాక్షి వంటకర్ర తెచ్చుకున్నాను. నాలుగేళ్ళుగా గోడకు వేలాడుతున్న కర్రకు పని దొరికింది. గడియారానికి ఎదురుగా పది తిప్పులు తిప్పితే అంచున సన్నగా నురుగు చార కడుతుంది. ఆ నీటితో వచ్చిన రొయ్యపిల్ల ఒకటి ఆ చార కిందనే తిరుగుతూ ఉంటుంది. వారానికోసారి మసేను డబ్బాతో కొత్త నీళ్ళు తెచ్చి పోసిపోతాడు.

మొన్న రాష్ట్రస్థాయి తనిఖీ బృందం వచ్చి గంగాళం చుట్టూ ప్రదక్షిణం చేసి, మిగతా సుడులను కూడా ఇలాగే భద్రపరిచే అవకాశం పరిశీలించమని రాసి వెళ్ళింది. గంగాళాలకు ప్రతిపాదన పెట్టాం.

పాసులు అలాగే ఉన్నాయి. రేడియోలో ఇప్పటికీ సుడి నంబరే అడగాలి, డిగ్రీలు నమోదు చెయ్యకూడదు. కానీ ఆపరేటరు పక్కన ఇప్పుడు పెన్సిలు ఉంటుంది. బోటువాడు చెప్పే డిగ్రీలను పాసు ప్రతి వెనకవైపు రాసుకుంటాడు. మధ్యాహ్నం నూకాలమ్మ గంప దించి పైకి వస్తుంది. ఆవిడకు అంకెలు రావు. మసేను పాసు ప్రతి తిప్పి పెన్సిలు గీతలున్నాయో లేదో చూసుకుని, ఉంటే కిందికి వెళ్ళి అమ్మకం మొదలుపెడుతుంది.

ఆ ఉత్తర్వు నేను మళ్ళీ మళ్ళీ చదివాను. వెనకవైపు ఏమీ రాయకూడదని అందులో ఎక్కడా లేదు.